పావుగంట బొమ్మల సినిమా

కిందటివారం మాగాయ ముక్కలు ఎండబెట్టడం వరకూ చెప్పి, ఊట సంగతి ఈవారం రాస్తానన్నాను. ఊట ఎక్కడికీ పోదు లెండి, జాడీలో భద్రంగానే ఉంటుంది. ఈమధ్య మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీతో చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు. అది బొమ్మల సినిమాల గురించి.

నవ్వకండి. మొదట నేనూ నవ్వాను. "నలభై ఏడేళ్లొచ్చాయి, ఇప్పుడు పిల్లి ఎలుకని తరిమే బొమ్మలు చూడమంటావా" అన్నాను మా అమ్మాయితో. అది ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో నాకు తెలియనివన్నీ నేర్పించే పని తనదేనని దాని నమ్మకం.

అసలు గొడవ మా అత్తయ్యగారి చెవులతో మొదలైంది. ఆవిడకి డెబ్భై నాలుగు. నాలుగేళ్లుగా చెవులు బాగా మందగించాయి. మిషన్ కొంటే, పెట్టుకున్న రోజునే "ఇందులో ఫ్యాను చప్పుడు తప్ప మనిషి మాట వినపడదు" అని తీసి డబ్బాలో పెట్టేశారు. ఇక మధ్యాహ్నం సీరియల్ పెడితే ఆవిడ కోసం సౌండు పెంచాలి. పెంచితే పక్కింటివాళ్లు కూడా మన సీరియలే వినాలి. తగ్గిస్తే ఆవిడ "ఇప్పుడది ఏమందే? ఎందుకేడుస్తోంది?" అని అడుగుతూనే ఉంటారు. నేను చెప్పేలోపు ఇంకొకరు ఏడవడం మొదలుపెడతారు. ఇది చూసి మా అమ్మాయి ఒకరోజు రిమోట్ లాక్కుని, "మాటలే లేని సినిమా పెడతాను, ముగ్గురం సమానంగా చూద్దాం" అంది. ఎనిమిది నిమిషాల సినిమా. ఒక్క మాట లేదు. అయిపోయేసరికి మా అత్తయ్యగారు కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. "ఇంకోటి పెట్టవే" అన్నారు. అప్పటినుంచి అంట్లు తోమడం అయ్యాక రోజుకొకటి చూస్తున్నాం. ఒక సీరియల్ ఎపిసోడ్ పట్టే టైములో రెండు కథలు మొదలై ముగిసిపోతాయంటే మీరు నమ్ముతారా? ముగిసిపోతాయండీ! మన సీరియల్ వాళ్లకి ఎవరైనా చెబితే బాగుండు.

ఆరోజు చూసింది 'ఫాదర్ అండ్ డాటర్'. హాలెండ్‌లో పుట్టిన మైఖేల్ డుడోక్ డి విట్ అనే ఆయన 2000లో తీశాడు, మరుసటేడు ఆస్కార్ వచ్చింది. తండ్రీ, చిన్న కూతురూ సైకిళ్ల మీద ఏటి గట్టుకి వస్తారు. తండ్రి కూతుర్ని దగ్గరికి తీసుకుని, పడవెక్కి వెళ్లిపోతాడు. ఎక్కడికో, ఎందుకో చెప్పరు. ఇక తిరిగి రాడు. పిల్ల ఎండలో, వానలో, ఎదురుగాలిలో అదే గట్టుకి సైకిల్ మీద వచ్చి చూసిపోతూ ఉంటుంది. పెరిగి పెద్దదవుతుంది, పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, ముసలిదవుతుంది. ఆఖరున ముసలామె సైకిల్‌కి స్టాండు వేస్తే అది పడిపోతుంది, మళ్లీ నిలబెడితే మళ్లీ పడిపోతుంది. ఆ సైకిల్ పడిపోవడం చూసేసరికి నాకు గొంతు పూడుకుపోయింది. మా నాన్నగారు పోయి పదకొండేళ్లు. ఆ ఆఖరి రెండు నిమిషాలు ఏమవుతుందో నేను చెప్పను, మీరే చూడండి.

ఇవి ఎలా తీస్తారో మా అమ్మాయి చెబుతుంటే నాకు మతిపోయింది. సినిమా తెరమీద క్షణానికి ఇరవై నాలుగు బొమ్మలు తిరుగుతాయట. ఒక్కో బొమ్మని రెండుసార్లు వాడుకున్నా క్షణానికి పన్నెండు గీయాలి. అయిదు నిమిషాల సినిమాకి లెక్క వేశాను, మూడు వేల ఆరొందలు వచ్చింది. ఇప్పుడు చాలామంది కంప్యూటర్ మీద చేస్తున్నారు, దానికీ నెలల తరబడి పనే. చేత్తో చేసేవాళ్ల సంగతి వింటే ఇంకా ఆశ్చర్యం. రష్యాలో అలెగ్జాండర్ పెట్రోవ్ అని ఒకాయన ఉన్నాడు. గాజు పలక మీద నూనె రంగులతో, కుంచె కంటే ఎక్కువగా తన వేలికొసలతోనే బొమ్మ వేస్తాడు. ఫొటో తీసుకుంటాడు. అదే బొమ్మని కాస్త చెరిపి, కాస్త జరిపి మళ్లీ ఫొటో. 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ' అనే ఇరవై నిమిషాల సినిమాకి అలా ఇరవై తొమ్మిది వేలకి పైగా బొమ్మలు వేశాడు. రెండేళ్లు దాటి పట్టింది. 1999లో వచ్చింది, 2000లో ఆస్కార్ అందుకుంది. హెమింగ్వే అనే అమెరికా రచయిత నవలే దానికి కథ. ముసలి జాలరి, పెద్ద చేప, సముద్రం. అన్నిటికంటే నాకు వింతగా తోచిందేమిటంటే, అన్ని వేల బొమ్మల్లో ఒక్కటీ మిగలదు కదా, చెరిపితేనే తర్వాతది వస్తుంది. మా అత్తయ్యగారికి సైగలతో ఇది చెబితే "మనం రోజూ ముగ్గు పెట్టి తుడవట్లా?" అని తేల్చేశారు.

అల్లికలు, పూసల పని చేసేవాళ్లు 'బీడ్ గేమ్' చూడండి. గుజరాత్‌లో పుట్టి కెనడా వెళ్లిన ఇషు పటేల్ 1977లో తీశాడు. వేలకొద్దీ పూసల్ని చేత్తో జరుపుతూ, జరుపుతూ, ఒక జంతువు ఇంకో జంతువుని మింగడం, అది మనిషి కావడం, మనుషులు కొట్టుకోవడం, అన్నీ పూసలతోనే చూపించాడు. రష్యావాళ్లదే 'హెడ్జ్‌హాగ్ ఇన్ ద ఫాగ్' అని 1975 నాటిది ఉంది. ఒక బుజ్జి ముళ్లపంది సాయంత్రం పూట జామ్ మూట కట్టుకుని స్నేహితుడైన ఎలుగుబంటి దగ్గరికి బయలుదేరుతుంది, ఇద్దరూ కూర్చుని నక్షత్రాలు లెక్కపెట్టడానికి. దారిలో పొగమంచు. అంతే కథ. పొగమంచు ఎలా వచ్చిందో తెలుసా? పల్చటి కాగితాన్ని బొమ్మ మీద పరిచి, కొంచెం కొంచెం పైకి లేపుతూ ఫొటోలు తీశారట. దర్శకుడు యూరీ నోర్‌స్టెయిన్ పేరు అందరికీ తెలుసు. ఆ బొమ్మలు వేసింది ఆయన భార్య ఫ్రాంచెస్కా యార్బుసోవా. ఈ ముక్క మావారికి రెండుసార్లు చెప్పాను.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. 1930లలో అమెరికాలో డిస్నీ స్టూడియోలో బొమ్మ కదలికలు గీసే పని దాదాపు అంతా మగవాళ్లదే. ఆడపిల్లల్ని 'ఇంక్ అండ్ పెయింట్' అనే విభాగంలో పెట్టేవారు. మగవాళ్లు గీసిన గీతని సన్నగా మళ్లీ పలక మీదకి దించడం, రంగులద్దడం. 1937 నాటి 'స్నో వైట్' బుగ్గల మీద రంగు కూడా అలాంటి అమ్మాయిలు అద్దిందే. అంతకు చాలా ముందే జర్మనీలో లోటే రైనిగర్ అనే ఆవిడ ఒక కత్తెర, నల్ల కాగితం పెట్టుకుని నీడబొమ్మలు కత్తిరించి సినిమాలు తీసింది. మన తోలుబొమ్మలాటకి దూరపు చుట్టమన్నమాట. మన తోలుబొమ్మలకి రంగులుంటాయి, ఆవిడవి నల్లటి నీడలు. 'సిండరెల్లా' ఆవిడ 1922లోనే తీసేసింది. కత్తెర పట్టుకోవడం మనకి కొత్తా చెప్పండి?

సరే, మన దేశం సంగతి. దూరదర్శన్ రోజుల్లో మా ఊళ్లో రెండే టీవీలు. మాది కోనసీమ లంక గ్రామం. కరణంగారింటి వరండాలో చాపమీద ఇరవైమందిమి కూర్చునేవాళ్లం. అప్పట్లో కార్యక్రమాల మధ్యలో ఒక బొమ్మల సినిమా వచ్చేది, గుర్తుందా? తోటలో పిల్లలు అక్కని అడుగుతారు, ఒకటంటే ఏమిటి, అనేకమంటే ఏమిటని. అక్క చెబుతుంది. పక్షులన్నీ కలిసి వేటగాడి వలతో సహా ఎగిరిపోతాయి, ఎలుకలు వచ్చి వల కొరుకుతాయి. హిందీ ఒక్క ముక్క అర్థం కాకపోయినా మా అందరికీ కథ తెలుసు. అది 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా', ఫిలిమ్స్ డివిజన్ తరఫున 1974లో వచ్చిందని, బొమ్మలు భీమ్‌సేన్ అనే ఆయన చేశాడని ఇన్నాళ్లకి తెలిసింది. ఏడు నిమిషాలే. నాకేమో ఒక పూటంతా చూసినట్టు జ్ఞాపకం.

మీనా గుర్తుందా మీకు? తమ్ముడు రాజు, భుజం మీద చిలక మిట్టూ. 1990లలో యూనిసెఫ్ వాళ్లు మన వైపు దేశాల ఆడపిల్లల కోసం చేయించారు. బొమ్మలు చేసింది రామ్‌మోహన్ గారు, మన దేశపు బొమ్మల సినిమాకి పితామహుడని పేరున్న ఆయన. 2019లో పోయారు. మన దేశం, బంగ్లాదేశ్, పాకిస్తాన్, నేపాల్, ఈ నాలుగు దేశాల్లోనూ 'మా పిల్లే' అనిపించేలా ఆ పిల్ల మొహం, బట్టలు, పేరు జనాన్ని అడిగి అడిగి ఖాయం చేశారట. అందులో మామిడిపండు కథ ఒకటి ఉంది. పండు కోసినప్పుడు రాజుకి పెద్ద ముక్క, మీనాకి చిన్న ముక్క. భోజనంలోనూ అంతే. ఎందుకంటే మగపిల్లాడు కష్టపడతాడు కదా అంటారు. అయితే ఒకరోజు మా పనులు మార్చుకుంటామని పిల్లలిద్దరూ ఒప్పందం చేసుకుంటారు. రాజుకి కోళ్లు, ఊడవడం, నీళ్లు. సాయంత్రానికి వాడి నడుం విరిగిపోతుంది. రాత్రి మీనా పళ్లెం వాడి ముందుకొస్తుంది. ఆకలి తీరదు.

నేను బాగానే నవ్వుతున్నాను చూస్తూ. మా అమ్మాయి నవ్వలేదు. "అమ్మా, మనింట్లో కూడా మామిడిపండు ఇలాగే కోసేదానివి. అన్నయ్యకి రెండు చెక్కలు, నాకు టెంక" అంది.

"నీకు టెంక ఇష్టం కదే" అన్నాను.

"నాకు ఇష్టమని నువ్వే అనేదానివి" అంది.

అది కోపంగా కూడా అనలేదండీ. ఫోన్ చూసుకుంటూ మామూలుగా అంది. నాకు నోట మాట రాలేదు. గుడ్డు అట్టు వాడికి వేసి, దానికి "నీకు వేడి చేస్తుందే" అన్నది నిజం. మీగడ వాడి పెరుగులో వేసిందీ నిజం. ఆ మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే ఇంకోటి గుర్తొచ్చింది. మా అమ్మ కూడా నాకు టెంకే ఇచ్చేది. "మా అమ్మాయికి టెంకంటే ప్రాణం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేనూ అలాగే అనుకుని పెరిగాను. ఇప్పటికీ పండు కోస్తే నా చెయ్యి టెంక మీదకే పోతుంది. నిజంగా ఇష్టమో కాదో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

ఇక అసలు సినిమాకి వస్తాను. పేరు 'బావ్'. బావ్ అంటే చైనావాళ్లు పిండిలో మాంసం కూరి ఆవిరిమీద ఉడికించే కుడుము. మన చవితి పూర్ణం కుడుములాంటిదే, కాకపోతే పైన కజ్జికాయ అంచులా మడతలు తిప్పి ముడి వేస్తారు. తీసింది డోమీ షీ అనే అమ్మాయి. చైనాలో పుట్టి కెనడాలో టొరంటోలో పెరిగింది, తల్లిదండ్రులకి ఒక్కతే కూతురు. పిక్సార్ కంపెనీ మొదలైంది 1986లో. అక్కడ ఒక ఆడపిల్ల దర్శకత్వంలో ఒక పొట్టి సినిమా రావడానికి 2018 దాకా పట్టింది, అది ఇదే. మరుసటేడు ఆస్కార్ కూడా వచ్చింది. పిండి కలపడం, చెక్కలు వత్తడం, మడతలు తిప్పడం తెరమీద అచ్చం నిజంలా ఉండాలని, ఆ అమ్మాయి వాళ్లమ్మని స్టూడియోకి రప్పించి అక్కడి వాళ్లందరికీ రెండుసార్లు వంట క్లాసు పెట్టించిందట. కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లంతా పిండి చేతులతో నిలబడ్డారన్నమాట. చూస్తే మీకే తెలుస్తుంది, ఆ పిండి ఒత్తుతున్నప్పుడు అది ఎంత మెత్తగా ఉందో మన వేళ్లకి తెలిసిపోతుంది.

కథలో ఒక తల్లి ఉంటుంది. మొగుడు గబగబా తిని ఆఫీసుకి వెళ్లిపోతాడు. ఒక్కతే కూర్చుని తినబోతే ఒక కుడుము కేరుమని ఏడుస్తుంది. కాళ్లూ చేతులూ వస్తాయి. దాన్ని బిడ్డలా పెంచుకుంటుంది. బజారుకి తీసుకెళుతుంది, బస్సులో కూర్చోబెట్టుకుని కొన్న రొట్టె చెరిసగం తింటుంది. బిడ్డ బంతాటకి వెళతానంటే వద్దంటుంది. పెరిగి పెద్దవాడవుతాడు, తలుపు వేసుకుంటాడు, స్నేహితులతో వెళ్లిపోతాడు. వాడి కోసం బల్లనిండా వండి పెడుతుంది, వాడు చూసి కూడా చూడనట్టు పోతాడు. ఒంటరిగా తింటుంది. ఒకరోజు ఒక తెల్లపిల్లని తీసుకొచ్చి వేలికి ఉంగరం చూపించి, సామాను సర్దుకుంటాడు. తల్లి తలుపుకి అడ్డంగా నిలబడుతుంది. పెనుగులాట. ఇక వెళ్లిపోతున్నాడనగా వాడిని పట్టుకుని గుటుక్కున మింగేస్తుంది.

నేను అక్కడ టీవీ ఆపేశాను. నిజంగా కోపమొచ్చింది. "ఇదేం కథ? తల్లిని రాకాసిని చేశారు" అన్నాను.

నాకెందుకంత కోపమొచ్చిందో చెప్పాలంటే మావాడి సంగతి చెప్పాలి. ఇరవై మూడేళ్లు. పుణేలో ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. నెలకోసారి సున్నుండలు, ఆవకాయ, గోంగూర, కంది పొడి కట్టి పంపుతున్నాను. ఆ ముందు పంపిన పార్సిల్‌లో ఆవకాయ సీసా మూత వదులై నూనె కారింది. వాడి ఆఫీసు చొక్కాలు కూడా అందులోనే పెట్టాను, అన్నీ ఎర్రగా అయ్యాయి. ఫోన్ చేసి, "ఇక పంపకమ్మా, నేను అడిగానా? ఇక్కడ అన్నీ దొరుకుతాయి" అన్నాడు. అంతే అన్నాడు. నేను సరేనని పెట్టేశాను. మళ్లీ చెయ్యలేదు. వాడు చేసినప్పుడు చెల్లెలికి ఇచ్చి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. పన్నెండు రోజులు అలాగే గడిచాయి. ఆ పన్నెండు రోజులూ లెక్కపెట్టుకున్నది నేనే, వాడికి తెలిసుండదు కూడా.

ఇక ఆరోజు టీవీ ఆపేసి లేవబోతుంటే మా అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడకి నా మాట వినపడలేదు, మొహం చూశారంతే. "ఎందుకాపావే? మింగడం దగ్గరేగా?" అన్నారు. కాసేపాగి, "నేనూ మింగాలనుకున్నానే వాణ్ణి. నీతో పెళ్లయి వాడు వేరే కాపురం పెడతానన్నప్పుడు" అన్నారు.

మా పెళ్లయిన కొత్తలో మావారికి రాజమండ్రిలో ఉద్యోగం. మేము బయలుదేరిన రోజున ఆవిడ గదిలోంచి బయటికి రాలేదు. నాతో ఆరునెలలు మాట్లాడలేదు. అప్పుడు నాకు ఇరవై ఒకటి. నేనేం తప్పు చేశానా అని రోజూ ఏడ్చేదాన్ని, మా అమ్మకి ఉత్తరాలు రాసేదాన్ని. ఇన్నేళ్లూ ఆ సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాతికేళ్లు దాటాక, ఒక చైనా కుడుము పుణ్యమా అని, టీవీ ముందు కూర్చుని చెప్పారు. "ఆ రోజు పొట్టిక్కలు చేశాను, దారిలో తింటాడని. పనసాకులు కోసి, బుట్టలు కుట్టి, తెల్లవారుజామున లేచి వండాను. వాడు హడావుడిలో వదిలేసి వెళ్లాడు. అన్నీ ఎత్తి గేదెకి పెట్టేశాను" అన్నారు. మావారికి ఆ పొట్టిక్కల సంగతి ఈ రోజుకీ తెలీదు. ఈ కాలమ్ ఆయన చదవరు కాబట్టి రాస్తున్నాను.

మిగతాది ముగ్గురం చూశాం. మింగేసి తల్లి కుప్పకూలి ఏడుస్తుంది. పడుకుని ఉంటుంది. తలుపు దగ్గర ఒక నీడ కనబడుతుంది, అచ్చం ఆ కుడుము ఆకారంలోనే. అది నిజం కొడుకు. అంతసేపూ మనం చూసింది ఆమె కల. అతను మంచం మీద కూర్చుంటాడు. చిన్నప్పుడు బస్సులో ఇద్దరూ చెరిసగం తిన్న రొట్టెలాంటిదే ఒకటి తీసి తల్లికిస్తాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. నములుతూ ఏడుస్తారు. ఆఖరున అందరూ బల్లచుట్టూ కూర్చుని కుడుములు చేస్తారు. కొడుక్కి చేతకాదు, కోడలు మాత్రం ముచ్చటగా మడతలు తిప్పుతుంది. అత్తగారు చూసి ఆశ్చర్యపోతుంది.

మా అత్తయ్యగారు నా వైపు చూసి, "నీకు మాత్రం పొట్టిక్క బుట్ట కుట్టడం ఇప్పటికీ రాదు" అన్నారు. నిజమే, నాకు రాదు.

ఇంకా కొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. 2019లో వచ్చిన 'హెయిర్ లవ్'లో ఒక తండ్రి మొదటిసారి కూతురికి జడ వెయ్యడానికి పడే పాట్లు, తల్లి ఎందుకు ఇంట్లో లేదో చివర్లో తెలుస్తుంది. మీ ఇంట్లో మగవాళ్లకి తప్పకుండా చూపించండి. గీతాంజలి రావ్ మూడేళ్లు ఒక్కతే కూర్చుని 2006లో 'ప్రింటెడ్ రెయిన్‌బో' చేసింది. ఒక ముసలావిడ, ఒక పిల్లి, బూడిదరంగు గది. ఆవిడ దాచుకున్న అగ్గిపెట్టెల మీద బొమ్మలుంటాయి కదా, చూస్తూ చూస్తూ ఆ రంగుల్లోకి వెళ్లిపోతుంది. కాన్స్ పండగలో క్రిటిక్స్ వీక్ అనే విభాగంలో మూడు బహుమతులు వచ్చాయి. అది చూశాక మా ఇంట్లో అగ్గిపెట్టె ఖాళీ అయితే పారెయ్యట్లేదు.

జపాన్ అతను కునియో కాటో 2008లో తీసిన దాన్ని మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. పేరు పలకడం కష్టం, 'లా మెజాన్ ఆన్ పెతీ క్యూబ్'. పన్నెండు నిమిషాలు. ఊరంతా నీళ్లలో మునిగిపోతూ ఉంటుంది. నీళ్లు పెరిగినప్పుడల్లా ఒక ముసలాయన ఇంటిమీద ఇంకో గది కట్టుకుని పైకి మారతాడు. ఒకసారి ఆయన చుట్ట పీల్చుకునే పైపు కింది గదుల్లోకి జారిపోతుంది. ఈతగాళ్ల డ్రెస్సు వేసుకుని దానికోసం దిగుతాడు. ఒక్కో గదిలో ఒక్కో జ్ఞాపకం. భార్య జబ్బుగా పడుకున్న మంచం, కూతురి పెళ్లి, కూతురి చిన్నతనం, ఇంకా కింద పెళ్లికి ముందు తామిద్దరూ.

1986 ఆగస్టులో గోదావరి వచ్చినప్పుడు మా అత్తయ్యగారు పిల్లల్ని తీసుకుని రెండు రాత్రులు అటకమీద ఉన్నారు. నీళ్లు తీశాక గోడమీద బురద గీత మిగిలింది. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా ఆ గీత దగ్గర ఆవిడ చేత్తో తడిమి చూసేవారు. ఆ ఇల్లు అమ్మేసి పదేళ్లయింది. సినిమా అయ్యాక ఆవిడ ఏమీ అనలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం, "మన పాత ఇంట్లో దేవుడి గూట్లో రాగి చెంబు వదిలేశాం" అన్నారు.

మీరూ చూడాలంటే పేరు ఉన్నదున్నట్టు ఫోన్లో కొట్టి వెతకండి, చాలా వరకు దొరుకుతాయి. కెనడా ప్రభుత్వం వాళ్ల ఫిల్మ్ బోర్డు తన పాత సినిమాలెన్నో ఉచితంగానే చూడనిస్తుంది, 'బీడ్ గేమ్' వాళ్లదే. 'బావ్' లాంటి వాటికి డబ్బు కట్టే యాప్ ఉండాలి, పిల్లల్ని అడిగితే వాళ్లకి తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త చెబుతాను. బొమ్మలు కదా అని చిన్నపిల్లల్ని ముందు కూర్చోబెట్టి మీరు పొయ్యి దగ్గరికి వెళ్లకండి. చావు, యుద్ధం, పెద్దవాళ్ల గొడవలు చూపించేవి కూడా ఉన్నాయి. ముందు మీరు చూసి, తర్వాత వాళ్లకి పెట్టండి. ఎక్కువ సేపు పట్టదుగా.

'బావ్' చూసిన రాత్రి మా అమ్మాయి చేత మావాడికి ఆ సినిమా పేరు పంపించాను, చూడమని. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి వచ్చింది. దాని అర్థమేమిటే అంటే, "చూశాను, బావుంది అని" అంది మా అమ్మాయి. ఎనిమిది నిమిషాల సినిమాకి ఒక బొటనవేలు!

ఆదివారం వాడే వీడియో కాల్ చేశాడు. ఈసారి ఫోన్ నేనే తీశాను. చొక్కాలు ఉతికితే మరక పోయిందన్నాడు, అబద్ధమని నాకు తెలుసు, ఆవకాయ నూనె మరక పోయేది కాదు. సున్నుండలు ఇంకా ఉన్నాయా అని నేను అడగలేదు. "నాన్నమ్మ కూడా చూసిందా?" అన్నాడు. ఫోన్ ఆవిడ వైపు తిప్పాను. వాడు ఏం అడిగాడో ఆవిడకి వినపడలేదు. వాడి మొహం చూసి, రెండు చేతులతో వాణ్ణి పట్టుకుని నోట్లో పెట్టుకుని గుటుక్కున మింగినట్టు చూపించారు.

మీ ఇంట్లో చూసిన బొమ్మల సినిమాలు ఏవైనా ఉంటే పేర్లు రాయండి. మాటలు లేనివైతే మరీ మంచిది. వచ్చేవారం మాగాయ ఊట.